టెక్ సందేహాలు: గోల్ఫ్ గేమ్‌లో బంతి ఒకే పక్కకు పోతోంది, మౌస్ మార్చాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గోల్ఫ్ గేమ్‌ల మీదే. మన వరంగల్ వైపు గోల్ఫ్ మైదానాన్ని కళ్లారా చూసినవాళ్లు తక్కువే గానీ, కంప్యూటర్‌లో ఆడేవాళ్లు బాగానే ఉన్నట్టున్నారు. అందరూ అడిగేది ఏం కొనాలనే. నా జవాబు దాదాపు అన్నింటికీ ఒకటే: ముందు సెట్టింగ్స్ చూడండి, పర్సు తర్వాత తీయవచ్చు.

పీజీఏ టూర్ 2కే23 అనే గోల్ఫ్ గేమ్ ఆడుతున్నా సార్. ల్యాప్‌టాప్‌ను హాల్లో ఉన్న టీవీకి కేబుల్‌తో కలిపి, మూడు క్లిక్‌ల పద్ధతిలో స్వింగ్ చేస్తా. ఎంత జాగ్రత్తగా నొక్కినా చివరి క్లిక్ లేటయిందనే చూపిస్తోంది. బంతి ప్రతిసారీ ఒకే పక్కకు పోతోంది. గేమింగ్ మౌస్ కొనమని మా రూమ్మేట్ అంటున్నాడు. కొనమంటారా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

వద్దు. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది: ‘ప్రతిసారీ ఒకే పక్కకు’. బంతి ఒకసారి ఎడమకు, ఇంకోసారి కుడికి పోతుంటే చేయి కుదరలేదని అర్థం, అది ప్రాక్టీసుతో పోతుంది. ఎప్పుడూ ఒకేలా లేటవుతుంటే మాత్రం మీ చేతికీ తెరకూ మధ్య ఎక్కడో ఆలస్యం జరుగుతోంది.

మూడు క్లిక్‌ల పద్ధతిలో మొదటి క్లిక్ స్వింగ్ మొదలుపెడుతుంది, రెండోది బలం, మూడోది బంతిని తాకే క్షణం. ఈ మూడోదాంట్లో తేడా వస్తే బంతి దారి తప్పుతుంది. టీవీలు రంగులు మెరుగుపరచడానికి, కదలికలు నున్నగా చూపించడానికి ప్రతి బొమ్మనూ కాసేపు తమ దగ్గరే ఉంచుకుని సవరిస్తాయి. సినిమాకు దానివల్ల నష్టం లేదు. ఆటలో మాత్రం, స్వింగ్‌ను చూపే సూది, బంతిని తాకాల్సిన గీత మీదికి వచ్చిందని మీకు కనిపించేసరికి లోపల అది గీత దాటిపోయి ఉంటుంది. మీరు సరిగ్గానే నొక్కుతున్నారు, కాకపోతే పాత బొమ్మను చూసి నొక్కుతున్నారు.

పరీక్ష సులువే. కేబుల్ తీసేసి, ల్యాప్‌టాప్ తెర మీదే కొన్ని షాట్లు ఆడండి. సమస్య పోతే నేరం టీవీది. రిమోట్ తీసుకుని పిక్చర్ సెట్టింగ్స్‌లో ‘గేమ్ మోడ్’ పెట్టండి. పోకపోతే ఆటలోని గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో వీ-సింక్ (ఆట బొమ్మలను తెర వేగానికి జతపరిచే సెట్టింగ్) ఆపి చూడండి. సెకనుకు 60 బొమ్మలు చూపే తెర మీద ఒక్కో బొమ్మకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. వీ-సింక్ వల్ల అలాంటి ఒకటో రెండో బొమ్మల ఆలస్యం అదనంగా కలవవచ్చు. వీ-సింక్ ఆపితే బొమ్మ అప్పుడప్పుడు అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది. గోల్ఫ్‌కు అదేమంత ఇబ్బంది కాదు.

ఇక మౌస్ లెక్క చూడండి. మామూలు యూఎస్‌బీ మౌస్ సెకనుకు 125 సార్లు కంప్యూటర్‌కు సమాచారం ఇస్తుంది, అంటే 8 మిల్లీసెకన్లకోసారి. గేమింగ్ మౌస్ 1000 సార్లు, అంటే ఒక మిల్లీసెకనుకోసారి. వేలకు వేలు పోసి మీరు మిగుల్చుకునేది మహా అయితే 7 మిల్లీసెకన్లు. టీవీ రిమోట్‌తో ఒక్క రూపాయి ఖర్చు లేకుండా దానికి ఎన్నో రెట్లు మిగలవచ్చు. మీది బ్లూటూత్ మౌస్ అయితే, ఇంట్లో పడి ఉన్న వైరు మౌస్ ఒకటి పెట్టి చూడండి, అది చాలు. రూమ్మేట్‌కు ఈ లెక్క చూపించండి.

క్లిక్‌లు కాకుండా మౌస్‌ను వెనక్కి లాగి ముందుకు తోసి ఆడేవాళ్లకు ఇంకో మాట. విండోస్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ అనే టిక్కు మామూలుగా పెట్టే ఉంటుంది. అది ఉంటే మౌస్‌ను వేగంగా కదిపినప్పుడు బాణం ఎక్కువ దూరం పోతుంది, మెల్లగా కదిపితే తక్కువ. ఒకే స్వింగ్ రోజుకో రకంగా రావడానికి ఇదొక కారణం కావచ్చు. అడిషనల్ మౌస్ సెట్టింగ్స్‌లో పాయింటర్ ఆప్షన్స్‌కు వెళ్లి తీసేయండి. కొన్ని ఆటలు ఈ సెట్టింగ్‌ను పట్టించుకోకుండా మౌస్‌ను నేరుగా చదువుతాయి. వాటిలో తేడా కనిపించదు, నష్టమూ లేదు.

మా అబ్బాయి చిన్నప్పుడు కొన్న మైక్రోసాఫ్ట్ గోల్ఫ్ సీడీ బీరువాలో దొరికింది. విండోస్ 11లో పెడితే ఈ యాప్ మీ పీసీలో నడవదంటోంది. రిటైరయ్యాక ఆడుకుందామనుకున్నా. దారి ఉందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

ఉంది సార్, కాస్త ఓపిక కావాలి. ఆ వరుసలో మొదటి ఆటలు విండోస్ 3.1 కాలం నాటివి, అంటే పాత తరహా 16-బిట్ ప్రోగ్రామ్‌లు. వాటిని తయారు చేసిన యాక్సెస్ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘లింక్స్’ ఆటలకు పేరుపడింది, 1999లో దాన్ని మైక్రోసాఫ్టే కొనేసింది. విండోస్ 11 కేవలం 64-బిట్, దాని మీద 16-బిట్ ప్రోగ్రామ్ ఏ కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా కదలదు. అందుకే ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కుతూ కూర్చోకండి. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది విండోస్‌కు ముందు నాటి డాస్ కంప్యూటర్‌ను అలాగే అనుకరిస్తుంది. దానిలోపల విండోస్ 3.1 ఎక్కించి, ఆ పైన మీ సీడీ నడపవచ్చు. మీ అబ్బాయితో వీడియో కాల్‌లో చేయించుకుంటే ఒక పూట పని.

2000 తర్వాతి సీడీలు ఉన్నవాళ్లది వేరే చిక్కు. ఆ రోజుల్లో చాలా ఆటలకు నకళ్లు తీయకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం వేసేవారు. అందులో భద్రతా లోపం ఉండడంతో 2015లో విండోస్ 10 దాన్ని వదిలేసింది. సీడీ అసలుదైనా ఆట తెరుచుకోదు. దీనికి ఆ తాళాన్ని తప్పించే ‘క్రాక్’ ఫైళ్లు దొరుకుతాయి గానీ, ఊరూ పేరూ లేని సైట్ నుంచి దించుకున్న ఫైలును, బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో నడపమని నేను చెప్పను. అటక మీద పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఉంటే దించండి. నెట్ కలపకుండా ఆట వరకు వాడుకోండి.

మొదట్లో గేమ్ బాగానే నడుస్తుంది. కాసేపయ్యాక ల్యాప్‌టాప్ కాలిపోతున్నట్టు వేడెక్కి, స్వింగ్ మధ్యలో ఆగి ఆగి వస్తుంది. కరెంటు పోతే మరీ ఘోరం. ర్యామ్ పెంచాలా?
– గోదావరిఖని పాఠకుడు

ర్యామ్ చాలకపోతే మొదటి నిమిషం నుంచే సతాయిస్తుంది. కాసేపయ్యాక మొదలైందంటే అది వేడి. గోదావరిఖని ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! ప్రాసెసర్ హద్దు మీరి వేడెక్కితే, కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పైగా మీ ఊళ్లో దుమ్ముతో ఫ్యాన్ జాలీ తొందరగా పూడుకుపోతుంది. ముందు సర్వీస్ సెంటర్‌లో ఫ్యాన్ శుభ్రం చేయించండి. పరుపు మీద పెట్టి ఆడడం మానండి.

తర్వాత ఆటలో ఫ్రేమ్ రేట్‌ను, అంటే సెకనుకు చూపే బొమ్మల సంఖ్యను, 60 దగ్గర కట్టేయండి. గోల్ఫ్‌లో కదిలేది ఒక్క బంతి, దానికి 144 ఎందుకు? అసలు బరువంతా గడ్డి, చెట్లు, నీడల మీదే. ఆ మూడింటినీ ‘మీడియం’కు దించితే ఆటలో తేడా పెద్దగా తెలియదు, యంత్రానికి మాత్రం ప్రాణం లేచొస్తుంది. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారి గ్రాఫిక్స్ వేగం తగ్గిస్తుంది. అప్పుడు టోర్నమెంట్ ఆడకండి. ఇన్వర్టర్ లైనులో ఛార్జర్ పెట్టుకోగలిగితే ఆ బాధ ఉండదు.

గేమ్ కొన్నాక నా కంప్యూటర్‌లో నడవకపోతే డబ్బు పోయినట్టేనా?
– జమ్మికుంట

ఆన్‌లైన్‌లో గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో కొంటే పోదు. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే వాపసు అడగవచ్చు. అయితే మెనూల్లో తిరిగినా, ఆటగాడికి టోపీ రంగు ఎంచుకున్నా ఆ సమయం కూడా లెక్కలోకే వస్తుంది. నేరుగా చెట్లు ఎక్కువున్న కోర్సు (మైదానం) ఒకటి తెరిచి, కొన్ని హోల్స్ (గుంతలు) ఆడి చూడండి.

150 గజాలంటే మీటర్లలో ఎంత? ఎత్తు మీదికి కొట్టాలంటే లెక్క ఎలా?
– డిగ్రీ విద్యార్థిని, కాజీపేట

గజం 0.9144 మీటర్లు, కాబట్టి 150 గజాలంటే సుమారు 137 మీటర్లు. చాలా ఆటల్లో సెట్టింగ్స్‌లోనే మీటర్లకు మార్చుకోవచ్చు. ఎత్తుకు మోటు లెక్క: గుంత దగ్గరి జెండా మీకంటే ఎన్ని గజాలు పైన ఉంటే దూరానికి అన్ని గజాలు కలపండి, కింద ఉంటే తీసేయండి.

మా ఇంటి పై అంతస్తులో ఒక గది ఖాళీగా ఉంది. నిజమైన కర్రతో కొడితే తెర మీద ఆడే సిమ్యులేటర్ పెట్టించవచ్చా?
– వ్యాపారి, హనుమకొండ

పెట్టించవచ్చు. కానీ కంప్యూటర్ కంటే ముందు టేపు తీసుకుని గది కొలవండి. కర్ర తల మీదుగా తిరుగుతుంది, స్లాబు కనీసం 9 నుంచి 10 అడుగుల ఎత్తులో ఉండాలి. సీలింగ్ ఫ్యాన్ తీసేయాల్సిందే. బంతి వేగాన్ని, లేచిన కోణాన్ని, గిరికీలను కొలిచే పెట్టె ఒకటి ఉంటుంది. ఆ అంకెలను బట్టే సాఫ్ట్‌వేర్ బంతి దారిని గీస్తుంది. కెమెరాతో పనిచేసే పెట్టెను బంతి పక్కనే పెడతారు, చిన్న గదికి అదే నయం. రాడార్‌వి చాలావరకు బంతికి వెనక కొన్ని అడుగులు దూరంగా పెట్టాలి, బంతి ముందుకు ఎగరడానికీ జాగా కావాలి.

మీరు ఇంతవరకు ఒక్కసారీ కర్ర పట్టకపోతే, హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడి గోల్ఫ్ కోర్సుల్లో బయటివాళ్లకు ప్రాక్టీసు అవకాశం ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కుని, ఒక పూట కొట్టి రండి. నడుము, భుజాలు ఏమంటాయో విని, ఆ తర్వాత మేస్త్రీని పిలవండి.