గానుగ నూనెకు ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాలంటే: సర్టిఫికెట్టు వచ్చాకే అసలు పని

ప్రశ్న: "అనంతపురంలో నేనూ మా తమ్ముడూ చెనక్కాయ నూనె గానుగ నడుపుతున్నాం. ఇప్పుడు నా పేరు మీదే జీఎస్టీ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ చేయించాలనుకుంటున్నాం. ఏజెంటు ఏడు వేలకు చేసిస్తానంటున్నాడు. చాలా? ఆ తర్వాత ఏటా ఏమేం ఉంటాయి?"

ఆ ఏడు వేలకు వచ్చేది సర్టిఫికెట్టు ఒక్కటే. దాని వెనకాల వచ్చే పనుల ఖర్చు అందులో లేదు, వ్యాపారం నడిచినా నడవకపోయినా ఆ ఖర్చు తప్పదు. పెద్ద కొనుగోలుదారులు కంపెనీయే కావాలని అడగడం లేదు, బయటి పెట్టుబడి తెచ్చే ఆలోచనా లేదంటే ముందు ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ) చూడండి. దాంట్లో ఏటా మే 30లోపు ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబర్ 30లోపు ఫారం 8 (లెక్కల పత్రం) వేస్తే ఎల్‌ఎల్‌పీ చట్టం వైపు పని దాదాపు అయిపోయినట్టే. టర్నోవరు 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఎల్‌ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ అడగరు. ప్రైవేట్ లిమిటెడ్‌కైతే రూపాయి అమ్మకం లేకున్నా ఆడిట్ ఉంటుంది. అయినా కంపెనీయే కావాలంటే చదవండి.

ఫైలు ముందు వెళ్లేది విజయవాడలోని కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసుకు కాదు. హర్యానాలోని మానేసర్‌లో కేంద్ర రిజిస్ట్రేషన్ సెంటర్ ఉంది, పేరు గానీ దరఖాస్తు గానీ చూసేది వాళ్లే. విజయవాడ రిజిస్ట్రార్ (ఆర్‌ఓసీ) పని తర్వాత మొదలవుతుంది. కాబట్టి "విజయవాడలో మనోళ్లున్నారు, తొందరగా చేయిస్తా" అనే మాటను పట్టించుకోకండి.

ఫైలు ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గర. మన వైపు ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, ఓటరు కార్డులో చివరకు పోయుంటుంది. కేంద్ర కంపెనీల శాఖ (ఎంసీఏ) పోర్టల్ డైరెక్టరు వివరాలను పాన్‌తో పోల్చి చూస్తుంది. ఆన్‌లైన్ ఫారాల మీద వేసే డిజిటల్ సంతకం కూడా పాన్‌లో ఉన్న పేరుతోనే ఉండాలి. తేడా ఉంటే ముందు ఆధార్ దిద్దించుకుని తర్వాతే సంతకం తీసుకోండి, లేదంటే సంతకానికి రెండుసార్లు డబ్బు కట్టాల్సొస్తుంది. మీ ఇంట్లో ఆడవాళ్లను డైరెక్టరుగా పెడితే ఇంకో చిక్కు: ఫారంలో అడిగేది తండ్రి పేరు. భర్త పేరు రాసి ఫైలు వెనక్కు తెచ్చుకునేవాళ్లు చాలామంది.

ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు కావాలి. మీరిద్దరే రెండూ కావచ్చు. స్పైస్ ప్లస్ అనే రిజిస్ట్రేషన్ ఫారం మొదటి భాగంలో పేరు అడుగుతారు, రుసుము 1,000, రెండు పేర్లు ఇవ్వచ్చు. ఖాయమైన పేరు 20 రోజులే నిలుస్తుంది. ఇప్పటికే ఉన్న కంపెనీ పేరుకు 'అనంతపురం' అని తగిలిస్తే కొత్త పేరు అయిపోదు. ఏకవచనం బహువచనం చేసినా, స్పెల్లింగు కావాలని మార్చినా అంతే. ఒట్టి ఊరి పేరే కంపెనీ పేరుగా పెడతామంటే అదీ ఒప్పుకోరు. ట్రేడ్‌మార్కు జాబితా కూడా వెతకండి, నూనెల్లో దేవుళ్ల పేర్లు దాదాపు అన్నీ అయిపోయాయి.

ఆఫీసు చిరునామాకు కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో కావాలి, బిల్లు రెండు నెలల లోపుది అయ్యుండాలి. బిల్లు తాతగారి పేరు మీదే నడుస్తుంటే కష్టం, ఎందుకంటే నిరభ్యంతర పత్రం ఇవ్వాల్సింది ఇప్పటి యజమాని. ఆ యజమాని పేరు చూపే కాగితం ఇంకోటి జత చేయండి. 2022లో జిల్లాలు విడిపోయాక ఇంకో గజిబిజి వచ్చింది. హిందూపురం, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి, డోన్ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి కానీ పాత ఆధార్‌లలో అనంతపురం, కర్నూలు అనే ఉంటుంది. అన్ని కాగితాల్లోనూ ఒకే జిల్లా ఉండేలా చూసుకోండి.

మూలధనానికి కనిష్ఠ పరిమితి ఇప్పుడు లేదు. అధీకృత మూలధనం (కంపెనీ గరిష్ఠంగా ఎంత విలువ వాటాలు ఇవ్వచ్చో ఆ మొత్తం) 15 లక్షల వరకు ఎంసీఏ రుసుము సున్నా, రాష్ట్ర స్టాంపు డ్యూటీ మాత్రం మూలధనాన్ని బట్టి పెరుగుతుంది. "ఎలాగూ ఫ్రీయే కదా" అని 15 లక్షలు పెట్టనక్కర్లేదు, లక్షతో మొదలుపెట్టండి. పాన్, టాన్ (టీడీఎస్ కట్టడానికి వాడే నంబరు) సర్టిఫికెట్టుతోపాటే వస్తాయి. పీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు కూడా అడక్కుండానే వస్తాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. మామూలుగా పీఎఫ్ వర్తించేది 20 మంది, ఈఎస్‌ఐ 10 మంది పనివాళ్లు ఉన్నప్పుడు.

ఇక తేదీలు. 2025 మే 10న రిజిస్టరైన కంపెనీని తీసుకుందాం. జూన్ 9లోపు మొదటి బోర్డు మీటింగు, అందులోనే మొదటి ఆడిటరు నియామకం. ఆ నియామకం తెలిపే ఏడీటీ-1 ఫారం కూడా వెంటనే వేయించండి. జూలై 10లోపు వాటా పత్రాలు రాసి సంతకం చేసి ఇచ్చేయాలి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. లక్ష రూపాయల వాటాలకు స్టాంపు డ్యూటీ 0.005 శాతం, అంటే 5 రూపాయలు. పత్రాలు ఇవ్వకపోతే పెనాల్టీ కంపెనీకి 50,000, బాధ్యుడైన ఒక్కొక్కరికీ ఇంకో 50,000.

నవంబర్ 6కు 180 రోజులు. ఆలోపు ఐఎన్‌సీ-20ఏ (వ్యాపారం మొదలుపెడుతున్నామనే ప్రకటన ఫారం) పడాలి. అది పడేవరకు కంపెనీ వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు. తప్పితే కంపెనీకి 50,000, డైరెక్టరుకు రోజుకు వెయ్యి చొప్పున లక్ష దాకా. దానికి జత చేసే బ్యాంకు స్టేట్‌మెంటులో ఎవరి వాటా డబ్బు వాళ్ల ఖాతా నుంచే కంపెనీ ఖాతాలో పడినట్టు కనిపించాలి. ఇద్దరి డబ్బూ అన్న ఖాతా నుంచి ఒకేసారి వేయడం, నగదు తీసుకెళ్లి కౌంటరులో కట్టడం, ఈ రెండూ మన దగ్గర మామూలుగా జరిగే తప్పులు. 50,000 మీ ఖాతా నుంచి, 50,000 మీ తమ్ముడి ఖాతా నుంచి పంపండి. వివరణలో 'వాటా మూలధనం' అని రాయండి. కంపెనీ ఖాతా తెరవడానికే బ్యాంకు నెలలు తిప్పుకునే సందర్భాలున్నాయి, కాబట్టి 180 రోజులు ఎక్కువనుకోకండి.

ఆఫీసు ముందు తగిలించే పేరు బోర్డు మాట చెప్పి ముందుకెళ్దాం. పేరు, చిరునామా ఆఫీసు బయట రాయాలి, అదీ స్థానిక భాషలో తప్పనిసరి. ఇంగ్లీషు ఒక్కటే ఉంటే చాలదు, తెలుగు అక్షరాల్లోనూ ఉండాలి. బిల్లుల మీద, లెటర్‌హెడ్ మీద సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబరు), ఫోను, ఈమెయిలు ఉండాలి.

అదే కంపెనీకి మొదటి వార్షిక సమావేశానికి గడువు 2026 డిసెంబర్ 31. తర్వాతి ఏళ్లకు సెప్టెంబర్ 30. కానీ ఆదాయపు పన్ను రిటర్ను ఐటీఆర్-6కు గడువు అక్టోబర్ 31, అందుకని మొదటి ఏడాది కూడా సెప్టెంబరులోపే ఆడిట్ పూర్తి చేయించుకోవడం మేలు. సమావేశం అయిన 30 రోజుల్లో ఏఓసీ-4 (లెక్కల ఫారం), 60 రోజుల్లో ఎంజీటీ-7ఏ (వార్షిక రిటర్ను). ఆలస్యమైతే ఒక్కో ఫారానికీ రోజుకు 100 రూపాయలు, పై పరిమితి లేదు. ఏడాది మర్చిపోతే ఒక్కోదానికి 36,500, రెండూ కలిపి 73,000. "టర్నోవరే లేదు సార్" అంటే ఒక్క రూపాయి కూడా తగ్గదు.

జనవరి 1 తర్వాత రిజిస్టరైతే మొదటి లెక్కల ఏడాదిని మరుసటి ఏడు మార్చి 31 దాకా పొడిగించుకోవచ్చు. ఏడాది చివర్లో తొందరపడి డిసెంబరులో చేయించుకునేకన్నా జనవరి దాకా ఆగితే ఒక ఆడిట్ తగ్గినట్టే. పన్ను రిటర్ను మాత్రం మొదటి మార్చి 31కీ వేయాలి.

బోర్డు మీటింగులు మీలాంటి చిన్న కంపెనీకి ఏడాదికి రెండు చాలు, ఆరు నెలలకొకటి, మధ్యలో కనీసం 90 రోజుల ఎడం ఉండాలి. మినిట్స్ పుస్తకం ఉత్తదే అనుకుని వదిలేస్తే బ్యాంకు లోను సమయంలో వెతుక్కుంటారు. డైరెక్టరు కేవైసీ గడువు తప్పితే 5,000. ఆ డిన్ (డైరెక్టరు గుర్తింపు నంబరు) ఆగిపోతే ఆ సంతకంతో ఏ ఫారమూ కదలదు.

అన్నదమ్ముల కంపెనీల్లో అసలు గొడవ గల్లాపెట్టె దగ్గర. విత్తనాల సీజనులో సొంత డబ్బు కంపెనీలో పెడతారు, పెళ్లి ఖర్చుకు కంపెనీ డబ్బు తీస్తారు. మీరు కంపెనీకి ఇచ్చింది బయట అప్పు తెచ్చిన సొమ్ము కాదని రాతపూర్వకంగా ఇచ్చి, మార్చి 31 నాటి బాకీని జూన్ 30లోపు డీపీటీ-3 ఫారంలో చూపించాలి. కంపెనీ మీకు అప్పివ్వడం మాత్రం చాలావరకు నిషేధం. జీతంగానో డివిడెండుగానో తీసుకోండి. 20,000, ఆ పైన అప్పు నగదుగా ముట్టుకోవద్దు.

పాత గానుగ సంగతి: కంపెనీ వేరే మనిషి కింద లెక్క. కొత్త జీఎస్టీ, కొత్త ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు కావాలి, సీసాల లేబుళ్లు మార్చాలి. మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ ఐటీసీ-02 ఫారంతో బదిలీ చేసుకోవచ్చు. పాత జీఎస్టీని ఆ తర్వాతే రద్దు చేయండి. పనివాళ్ల జీతం 15,000 దాటితే నెలకు 150, 20,000 దాటితే 200 వృత్తి పన్ను పట్టి కట్టాలి.

ఏజెంటు దగ్గర ఒక్కటి పట్టుబట్టండి: పోర్టల్ లాగిన్‌లో ఈమెయిలు, ఫోను మీవే ఉండాలి, డిజిటల్ సంతకం ఉండే టోకెన్లు (పెన్‌డ్రైవ్ లాంటివి) మీ బీరువాలో ఉండాలి. ఆయన మెయిలు పెడితే నోటీసులు ఆయనకే వెళ్తాయి, ఫీజు దగ్గర తగువు వస్తే మీ కంపెనీ తాళం ఆయన చేతిలో ఉంటుంది. కొటేషన్‌లో ఐఎన్‌సీ-20ఏ, మొదటి ఏడాది ఆడిట్, ఏఓసీ-4, ఎంజీటీ-7ఏ, ఐటీఆర్ ఉన్నాయో లేదో రాయించుకోండి.

రేపు మూసేద్దామనుకున్నా ఊరికే వదిలేస్తే కుదరదు. వరుసగా మూడేళ్లు రిటర్నులు వేయకపోతే డైరెక్టర్లిద్దరూ ఐదేళ్లు అనర్హులవుతారు. మూసే ఫారం ఎస్‌టీకే-2, రుసుము 10,000, పాత బాకీ రిటర్నులు కట్టాకే అది తీసుకుంటారు.