5090 పెట్టి గేమింగ్ పీసీ కట్టిస్తే కరెంట్ బిల్లు ఎంత పెరుగుతుంది? ఏ పార్ట్స్ తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఆర్‌టీఎక్స్ 5090 (ఎన్‌విడియా పెద్ద గ్రాఫిక్స్ కార్డు), రైజెన్ 9800ఎక్స్3డీ (ఏఎండీ ప్రాసెసర్), 1200 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్ట్స్‌కి కరెంట్ ఇచ్చే పవర్ సప్లై) పెట్టి హైదరాబాద్‌లో సిస్టమ్ కట్టిద్దామనుకుంటున్నారు, రోజూ ఓ 4 గంటలు ఆడతారు, ఇంట్లో ఇప్పుడు నెలకి 180 యూనిట్ల దాకా వస్తోంది, ఎస్‌ఎంపీఎస్ మీద 1200 వాట్లు అని చూసి నాన్నగారు ఇది ఏసీ కన్నా ఎక్కువ లాగేలా ఉందే అంటున్నారు, మానిటర్ మాత్రం ఇప్పుడున్న 1440పీ (4కె కన్నా తక్కువ రిజల్యూషన్) దే ఉంచేస్తానన్నారు. నా లెక్కలో అసలు సంగతంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. ఆ మానిటర్ మార్చకపోతే 5090 వద్దండీ, అదే కంపెనీ చిన్న కార్డు 5070 టీఐ తీసుకోండి, డబ్బులు ఉన్నా సరే వద్దు. ఎందుకో చెప్తా.

ముందు నాన్నగారి భయం. ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన 1200 అనేది అది గరిష్టంగా ఇవ్వగలిగింది, ఎప్పుడూ గోడ నుంచి లాగేది కాదు. లోపల పార్ట్స్ ఎంత అడిగితే అంతే ఇస్తుంది, దానికి ఓ 10 శాతం అటూ ఇటూ వేడిగా పోతుంది (కరెంట్ తక్కువ వృథా చేస్తుందని గోల్డ్ రేటింగ్ ఇచ్చినవాటికి). మా ఇంట్లో ప్లగ్‌కి, సిస్టమ్‌కి మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ ఉంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు, ఇన్ని లక్షలు పెట్టి సిస్టమ్ కొనేవాళ్ళు అదొకటి తప్పకుండా కొనాలి అంటాను నేను. నాది 9800ఎక్స్3డీ, 5070 టీఐ. పెద్ద గేమ్ ఆడుతుంటే మానిటర్‌తో కలిపి 450 వాట్ల దగ్గర తిరుగుతుంది. మా బాబాయ్ కొడుకు దగ్గర అదే ప్రాసెసర్‌తో 5090 ఉంది, 4కె మానిటర్, మీటర్ తీసుకెళ్ళి వాడి సిస్టమ్‌కి పెట్టి చూస్తే 740 దాకా వెళ్ళింది. కార్డ్ స్పెక్ చూసినా ఇదే అర్థమవుతుంది, 5090 ఒక్కటే 575 వాట్లు, 5080 అయితే 360, 5070 టీఐ 300.

ఇప్పుడు బిల్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి 5090 సిస్టమ్‌కి 750 వాట్లు అనుకుందాం, 4 గంటలకి 3 యూనిట్లు, నెలకి 90. 5070 టీఐ సిస్టమ్‌కి 450 వాట్లు, రోజుకి 1.8 యూనిట్లు, నెలకి 54. చాలామంది ఇక్కడ యూనిట్‌కి 5 రూపాయలో 6 రూపాయలో వేసి గుణించేసి అయిపోయింది అంటారు, తెలంగాణలో అది కుదరదు ఎందుకంటే మన శ్లాబులు 200 యూనిట్ల దగ్గర మొత్తం మారిపోతాయి. 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకి 3.40, తర్వాతి 100 కి 4.80. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయిందంటే మొదటి 200 యూనిట్లూ 5.10 లెక్కకి వెళ్ళిపోతాయి, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50. అంటే 200 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ 820 అయితే 201 కి 1,027 దాటుతుంది. మీ ఇల్లు సరిగ్గా ఆ గీతకి ఇవతల నిలబడి ఉంది.

మీకు ఇప్పుడు 180 యూనిట్లకి 724 పడుతోంది. 54 యూనిట్లు కలిస్తే 234 అవుతుంది, 1,282. 90 కలిస్తే 270, అంటే 1,559. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం ఇవన్నీ నేను కలపలేదు, ఒట్టి యూనిట్ల డబ్బే. మొత్తమ్మీద 5070 టీఐతో నెలకి 560 దాకా, 5090 తో 835 దాకా పెరుగుతుంది. ఎండాకాలం ఏసీతో మీ ఇల్లు ఎలాగూ 400 దాటేస్తే అప్పుడు ప్రతి యూనిట్ 9.50 మీద పడుతుంది కాబట్టి 513, 855, దాదాపు అంతే. కాబట్టి నాన్నగారికి ధైర్యంగా చెప్పొచ్చు, 1.5 టన్నుల ఏసీ గట్టిగా నడిచేటప్పుడు లాగేదాంట్లో సగం దగ్గరలో ఉంటుంది 5090 సిస్టమైనా. ఆంధ్రాలో ఉన్నవాళ్ళకి శ్లాబులు వేరు, అక్కడ పైనుంచి ట్రూఅప్ ఛార్జీలు (పాత ఖర్చుల తేడా తర్వాత వసూలు చేసేవి) కూడా ఉండొచ్చు, మీ పాత బిల్లు ముందు పెట్టుకుని లెక్క వేసుకోండి. తెలంగాణలో గృహజ్యోతి వస్తున్న ఇల్లయితే మాత్రం చాలా జాగ్రత్తగా చూసుకోవాలి, 200 దాటిన నెల జీరో బిల్లు పోయి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది.

ఇంకో విషయం ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఆడనప్పుడు ఆన్‌లో వదిలేయడం. నా సిస్టమ్ ఏం చేయకుండా డెస్క్‌టాప్ మీద ఉన్నా మానిటర్‌తో కలిపి 100 వాట్లకి కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. 4 గంటలు ఆడి మిగతా 20 గంటలు అలా వదిలేస్తే రోజుకి 2 యూనిట్లు, నెలకి 60, అంటే ఆడిన 54 యూనిట్ల కన్నా ఊరికే కూర్చున్న ఖర్చే ఎక్కువ! స్లీప్‌లో పెడితే ఐదారు వాట్లు కూడా ఉండదు. డౌన్‌లోడ్‌లు రాత్రంతా పెట్టే అలవాటుంటే కనీసం మానిటర్ ఆఫ్ చేయండి, డౌన్‌లోడ్ అయ్యాక షట్‌డౌన్ అయ్యేలా టైమర్ పెట్టండి.

ఫ్రేమ్ లిమిట్ (కార్డు సెకనుకి గీసే బొమ్మలకి పరిమితి) గురించి కూడా చెప్పాలి. మీటర్ పక్కన పెట్టుకుని గేమ్ ఓపెన్ చేసి చూడండి, కొన్ని గేమ్‌ల మెయిన్ మెనూలో, ఇంకా ఆట మొదలుపెట్టకుండానే, వాట్లు 400 దాటేస్తాయి, ఫ్యాన్లు గట్టిగా తిరుగుతుంటాయి, ఎందుకా అని చూస్తే ఆ మెనూ బొమ్మని కార్డు సెకనుకి వందల ఫ్రేములు గీస్తూ కూర్చుంటుంది. మానిటర్ 165 హెర్ట్జ్ (సెకనుకి 165 ఫ్రేములు చూపించేది) అయితే డ్రైవర్ సెట్టింగ్స్‌లో 160 కి లిమిట్ పెట్టేయండి. నాకు మెనూలో వాట్లు సగానికి సగం పడిపోయాయి, ఆటలో కూడా తేలికపాటి గేమ్‌లైతే 450 కాస్తా 300 లోపుకి వచ్చింది, గది వేడి కూడా తగ్గింది.

వేడి సంగతి మన ఊళ్ళలో బిల్లు కన్నా పెద్దది అని నా అభిప్రాయం. సిస్టమ్ లాగిన ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే బయటికి వస్తుంది, లిక్విడ్ కూలర్ పెట్టినా, పది ఫ్యాన్లు పెట్టినా అది మారదు, అవి వేడిని చిప్ మీద నుంచి గదిలోకి తోస్తాయి అంతే. 740 వాట్లంటే ఓ ఏడుగురు మనుషులు తలుపులు మూసిన గదిలో కూర్చున్నంత వేడి. ఏప్రిల్, మే నెలల్లో బయట 42 ఉన్నప్పుడు 10 బై 11 బెడ్‌రూమ్‌లో ఏసీ లేకుండా 5090 తో ఆడటం కుదరదు, ఆడేది మీరు కాబట్టి చెమటలు కారేదీ మీకే. ఏసీ వేస్తే ఆ వేడి బయటికి తోడటానికి ఏసీ అదనంగా ఓ 200 వాట్ల పైన తింటుంది, అంటే పైన చెప్పిన 90 యూనిట్లకి ఎండాకాలంలో ఇంకో 25 కలుపుకోండి. 5070 టీఐకి ఆ అదనం ఓ 15 దగ్గర ఆగుతుంది.

సరే పార్ట్స్. మానిటర్ నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి అని నేను ఎవరికైనా చెప్తా. 1440పీ లో 5090 చాలా గేమ్‌లలో పూర్తిగా పని చేయదు, ప్రాసెసర్ అందించలేక కార్డు ఖాళీగా ఎదురుచూస్తుంటుంది. విడుదలైనప్పుడు అమెరికాలో 5090 ధర 1,999 డాలర్లు, 5080 ది 999, 5070 టీఐ ది 749. మన దగ్గరికి వచ్చేసరికి 5090 కి ఈ తేడా ఇంకా పెరిగింది. అంత డబ్బు పెట్టి సగం పని చేయించుకోవడం ఎందుకు? 4కె ఓఎల్ఈడీ మానిటర్ కొని, పాత్ ట్రేసింగ్ (గేమ్‌లో వెలుగు నిజంగా పడినట్టు లెక్కేసే భారీ సెట్టింగ్) ఆన్ చేసి ఆడతాను అంటే 5090 కి అర్థం ఉంది, లేదా దాని 32 జీబీ మెమరీతో ఏఐ మోడల్స్, బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) లాంటి పని ఉంటే ఉంది. ఒట్టి 1440పీ గేమింగ్‌కి 16 జీబీ ఉన్న 5070 టీఐ కానీ ఏఎండీ 9070 ఎక్స్‌టీ కానీ హాయిగా సరిపోతాయి. 9070 ఎక్స్‌టీ కూడా 304 వాట్లే. రే ట్రేసింగ్ (అలాంటిదే, కాస్త తేలికది) ఎక్కువ వాడే గేమ్‌లు మీకు ఇష్టమైతే ఎన్‌విడియా వైపే వెళ్ళండి. మిగిలే డబ్బులో కొంత పెట్టి మంచి 1440పీ ఓఎల్ఈడీ మానిటర్ తెచ్చుకుంటే మీ కళ్ళకి కనిపించే తేడా 5090 తో వచ్చే తేడా కన్నా ఎక్కువ ఉంటుంది, ఇది నేను రెండూ పక్కపక్కన చూసి చెప్తున్నా.

ప్రాసెసర్ 9800ఎక్స్3డీ మార్చకండి, అది మంచి ఎంపిక. 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్ లోపలి వేగమైన మెమరీ) వల్ల గేమ్‌లలో ముందుంటుంది, పైగా గేమింగ్‌లో 120 వాట్లు కూడా పూర్తిగా వాడదు. ఇంటెల్ 14900కె లాంటివి 253 వాట్ల దాకా వెళ్తాయి, 13, 14 తరాల చిప్‌లకి 2024 లో వచ్చిన వోల్టేజ్ సమస్య వల్ల ఇంటెల్ వారంటీయే రెండేళ్ళు పెంచాల్సి వచ్చింది, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయని ఎవరైనా అన్నా వాటి జోలికి వెళ్ళకండి. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌కి 2027 వరకూ, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి బోర్డు మార్చకుండా తర్వాత ప్రాసెసర్ మార్చుకునే వీలుంది, అందుకని బీ850 మదర్‌బోర్డు చాలు, ఖరీదైన ఎక్స్870ఈ కి పెట్టే డబ్బు గేమింగ్‌లో ఎక్కడా కనిపించదు. ర్యామ్ డీడీఆర్5 6000, సీఎల్ 30 (ఆలస్యం తక్కువ ఉన్న రకం), 16 జీబీవి రెండు తీసుకోండి, నాలుగు స్లాట్లూ నింపితే ఆ స్పీడ్ నిలబడదు. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు ఏఐ సర్వర్ల డిమాండ్ వల్ల బాగా పెరిగిపోయాయి కాబట్టి 64 జీబీ మీద ఆశ ఇప్పటికి పక్కన పెట్టండి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం డబ్బులు మిగుల్చుకోవద్దు. ఎన్‌విడియా 5070 టీఐకి 750, 5080 కి 850, 5090 కి 1000 వాట్లు చెప్తోంది. మీరు ఏటీఎక్స్ 3.1 (పవర్ సప్లైల కొత్త ప్రమాణం) ఉన్న 850 వాట్ల గోల్డ్ తీసుకుంటే రేపు 5080 కి వెళ్ళినా సరిపోతుంది. కొత్త కార్డులకి వచ్చే 12వీ-2ఎక్స్6 పవర్ కేబుల్ పెట్టేటప్పుడు కనెక్టర్ లోపలికి పూర్తిగా, కార్డుకి, కేబుల్‌కి మధ్య సందు లేకుండా కూర్చుందో లేదో టార్చ్ వేసి చూడండి, మూతి దగ్గరే వంచేయకండి. ఈ రకం కనెక్టర్లు కరిగిపోయిన కేసులు 4090 వచ్చినప్పటి నుంచీ ఉన్నాయి, ఎక్కువ వాట్ల కార్డుల్లోనే ఎక్కువ. 5090 తీసుకునేవాళ్ళు పవర్ లిమిట్ 80 శాతానికి పెట్టుకోవడం మంచిది, మా బాబాయ్ కొడుకు ఇప్పుడు అలాగే వాడుతున్నాడు, 575 కాస్తా 460 అయింది, ఆటలో మాకు తేడా తెలియలేదు.

యూపీఎస్, ఎర్తింగ్. ఇవి నడిపే ఖర్చులో కలిసేవే. మామూలుగా కంప్యూటర్‌కి ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే, ఆట మధ్యలో కరెంట్ పోతే ఓవర్‌లోడ్ అని కూతపెట్టి అదీ ఆగిపోతుంది. 5070 టీఐ సిస్టమ్‌కి కనీసం 1100 వీఏ కావాలి, ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంట్ లాంటి నునుపైన కరెంట్ ఇచ్చేది) అయితే మేలు. దానిమీద ఆడటానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికి. బ్యాటరీ రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, ఆ ఖర్చు కూడా రాసుకోండి. ఎర్తింగ్ సంగతి పాత ఇళ్ళలో చాలా దారుణంగా ఉంటుంది, చెప్పుల్లేకుండా నిలబడి కేబినెట్ అంచు మీద వేలి వెనక భాగం ఆనిస్తే సన్నగా జిల్లుమంటోందంటే ఆ ప్లగ్‌కి ఎర్త్ లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరి చేయించాకే లక్షల సామాను దానికి పెట్టండి. ఏసీ, సిస్టమ్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద అసలు వద్దు.

కొనేది సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) అయితే ఒకే షాపులో కొటేషన్ తీసుకుని ఆగిపోకండి, ఓ మూడు నాలుగు తిరగండి, ఆన్‌లైన్ రేటు ఫోన్‌లో చూపించండి. నాకు ఒకచోట బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం అన్నారు, ఒప్పుకోలేదు. జీఎస్టీ బిల్లు మీద కార్డ్ సీరియల్ నంబర్ రాయించుకుని బాక్స్ మీది నంబర్‌తో, కార్డ్ మీది నంబర్‌తో అక్కడే పోల్చి చూసుకోండి. అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెస్తామన్నా, అక్కడ కొన్న కార్డ్‌కి ఇక్కడ వారంటీ ఇస్తారో లేదో ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి, చాలా బ్రాండ్లు ఇవ్వవు, పైగా ఎయిర్‌పోర్ట్‌లో ఫ్రీ అలవెన్స్ దాటిన విలువకి డ్యూటీ కట్టాలి. 5070 టీఐ లాంటి కార్డ్‌కి ఆ రెండూ లెక్కేస్తే ఇక్కడ కొనడమే మేలు.

మీ గది సైజు, ఏసీ ఉందా లేదా, మీరు ఎక్కువగా ఆడే గేమ్‌లు ఏవో కింద రాయండి, కేబినెట్, కూలర్ ఏవి సరిపోతాయో అది చూసి చెప్తా.