పసుపు, అడ్డసరం శ్వాసనాళాల వాపును తగ్గిస్తాయా?

మీరు రెండు సంగతులు అడిగారు. పసుపు, అడ్డసరం, మిరియాల్లాంటివి ఉబ్బసంలో వచ్చే వాపును కణాల స్థాయిలో నిజంగా తగ్గిస్తాయా అన్నది ఒకటి. తగ్గిస్తే మీ బాబుకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మాన్పించవచ్చా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు: ల్యాబ్‌లో పెంచిన కణాల్లో తగ్గిస్తాయి, అందులో అనుమానం లేదు. రెండోదానికి మాత్రం, వద్దండీ, దయచేసి మాన్పించకండి. ఎం.ఫార్మ్‌లో నా ప్రాజెక్టు పసుపులోని కర్‌క్యుమిన్ మీదే. మా అమ్మకి ఎన్నో ఏళ్లుగా ఉబ్బసం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులో, పుప్పొడో శ్వాసనాళం లోపలి పొరకి తగిలితే ఆ పొర కణాలు హెచ్చరికగా కొన్ని ప్రోటీన్లు వదులుతాయి. దాంతో రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు కదిలి ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13 అనే సంకేత ప్రోటీన్లు తయారుచేస్తాయి. వీటిలో 5 వల్ల ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు పోగవుతాయి (బాబు రక్తపరీక్ష రిపోర్టులో ఈ పేరు చూసే ఉంటారు). 13 వల్ల కఫం ఊరుతుంది. నాళం పొరలోనే ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు వదిలితే నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని పిల్లికూతలు మొదలవుతాయి.

వాపు పెంచే ప్రోటీన్లలో చాలావాటి జన్యువులను పనిలోకి దింపేది ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్. మామూలు వేళల్లో దాన్ని ఇంకో ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. కణానికి ఏదైనా హాని తగిలినప్పుడు ఐకెకె అనే ఎంజైమ్ వల్ల ఆ పట్టు వదిలి, అది కేంద్రకంలోకి వెళ్తుంది. కర్‌క్యుమిన్ అడ్డుకునేది ఈ ఎంజైమునే.

దీన్ని నేను కళ్లారా చూశాను. మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలను బాక్టీరియా గోడ నుంచి తీసిన ఎల్‌పిఎస్‌తో రెచ్చగొట్టి, మర్నాడు పైనున్న ద్రవంలో నైట్రైట్‌ను రంగుతో చూపే గ్రీస్ రీఏజెంట్ కలిపేవాళ్లం. వాపు వల్ల పుట్టిన నైట్రైట్ ఎంత ఎక్కువ ఉంటే అంత గులాబీ రంగు. ప్లేటులో ఎల్‌పిఎస్ ఒక్కటే పడిన గుంటలు ముదురు గులాబీగా, కర్‌క్యుమిన్ కూడా పడినవి మోతాదును బట్టి పాలిపోతూ కనిపించేవి. అయితే ఆ కర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు. డిఎమ్‌ఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించి, 10, 20 మైక్రోమోలార్ (గాఢత కొలత) చొప్పున నేరుగా కణాల మీదే పోసేవాళ్లం. ఇంట్లో పసుపు పాలు తాగినప్పుడు అలా జరగదు కదా.

చెంచాడు పసుపు 3 గ్రాములు అనుకోండి, అందులో కర్‌క్యుమిన్ 100 మిల్లీగ్రాములకు అటూఇటూ. అదీ చాలావరకు పేగుల్లోంచే దాటదు. దాటిన కాస్తను పేగు గోడ, కాలేయం మార్చేసి బయటికి పంపేస్తాయి. మనుషులకు రోజుకి 8 గ్రాముల కర్‌క్యుమిన్ ఇచ్చి చూసినప్పుడు కూడా రక్తంలో సగటున అత్యధిక మోతాదు 2 మైక్రోమోలార్‌కి చేరలేదు. ఊపిరితిత్తుల దాకా వెళ్లేది ఇంకెంత? మిరియాల్లోని పైపరిన్ కలిపితే కర్‌క్యుమిన్ దాదాపు 20 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరినట్టు 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. నిజమే. కానీ పైపరిన్ ప్రభావం ఒక్క కర్‌క్యుమిన్‌తోనే ఆగదు. థియోఫిలిన్ అనే ఉబ్బసం మందు మోతాదును కూడా రక్తంలో పెంచుతుంది. ఆ మందు కాస్త ఎక్కువైతే వాంతులు, గుండెదడ. మా అమ్మ థియోఫిలిన్ ఉండే డెరిఫిలిన్ మాత్రలు వేసుకునే రోజుల్లో ఎవరో ఇచ్చిన పైపరిన్ క్యాప్సూళ్లను నేను పక్కన పెట్టించింది అందుకే. చారులో వేసే మిరియాలతో భయమేం లేదు.

అడ్డసరం కథ వేరు. దాని ఆకులోని వాసిసిన్‌ను ఆధారం చేసుకుని బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు, దాని నుంచే ఆంబ్రాక్సాల్ వచ్చింది. దగ్గు సిరప్ సీసా మీద ఈ పేర్లు చూడొచ్చు. ఇవి ముఖ్యంగా కఫాన్ని పలచబరుస్తాయి. ఉబ్బసం మూలంలో ఉన్న వాపును అదుపు చేయడానికి ఇవి చాలవు.

మొక్కల మందు మీద మీకున్న నమ్మకం తప్పని నేను అనను. అమ్మీ విస్నాగా అనే మొక్కలోని ఖెల్లిన్ నుంచి మొదలుపెట్టి రోజర్ ఆల్టూన్యన్ అనే డాక్టరు క్రోమోగ్లైకేట్ అనే ఉబ్బసం మందు కనిపెట్టాడు. ఆయనకే ఉబ్బసం. గినీపందుల బొచ్చు సారాన్ని పీల్చి తనకు తానే ఆయాసం తెప్పించుకుని, ఒక్కో రసాయనాన్నీ తన మీదే పరీక్షించుకున్నాడు. 1965లో దొరికిన ఆ మందు మాస్ట్ కణాలు పగలకుండా ఆపుతుంది. స్టెరాయిడ్ల తయారీ చవకై అందరికీ అందడం వెనుక కూడా 1940లలో మెక్సికో అడవి దుంపల నుంచి తీసిన డయోస్‌జెనిన్ అనే ముడిపదార్థం ఉంది. మీరు భయపడుతున్న ఇన్‌హేలర్‌లోని బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ కణంలోకి వెళ్లి, కర్‌క్యుమిన్ ఆపబోయిన ఆ జన్యువులనే కేంద్రకంలో ఆపుతుంది. తేడా ఏమిటంటే అది మైక్రోగ్రాముల్లోనే, నేరుగా నాళం పొర మీద పడుతుంది. దీనివల్ల బాబు ఎత్తు తగ్గుతుందన్న భయం మీది. ఏళ్ల తరబడి వాడిన పిల్లల్లో పెద్దయ్యాక వచ్చిన తేడా సగటున 1 సెంటీమీటరు పైచిలుకు. అదుపులో లేని ఉబ్బసంతో పోలిస్తే అది నాకు పెద్ద నష్టంగా తోచదు.

మా ఇంట్లో ఇప్పటికీ అమ్మ అడ్డసరం కషాయం కాచుకుంటుంది, గొంతుకు హాయిగా ఉంటుందని. పొద్దున ఇన్‌హేలర్ తీసుకుని నోరు పుక్కిలించాకే అది. సాంబ్రాణి పొగ మాత్రం పూర్తిగా మానేశాం. ఏ పొగైనా శ్వాసనాళం పొరకు మంటే.

బాబుకి ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్ వారంలో రెండుసార్లకు మించి కావాల్సి వస్తోందా, రాత్రిళ్లు దగ్గుతో లేస్తున్నాడా అన్నది ఒక నెల పాటు రాసిపెట్టండి. ఆ కాగితం, మీరిచ్చే కషాయాల పేర్లు రెండూ డాక్టరుకి చూపించండి. ఇన్‌హేలర్‌కి స్పేసర్ (ముందు తగిలించే గొట్టం) పెట్టే ఇస్తున్నారా? లేకపోతే ముందు అది అడగండి, మందు సగం నాలుక మీదే ఉండిపోతుంది.