వాస్కో డ గామా కథ రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

వాస్కో డ గామా జీవితం మీద నువ్వు పంపిన చిత్తుప్రతి పూర్తిగా చదివాను. వాక్యంలో ఒడుపు ఉంది. కానీ ‘అసమాన సాహసి’, ‘ఉక్కు సంకల్పం’ వంటి మాటలు అడుగడుగునా అడ్డం పడుతున్నాయి. వాటిని కొట్టేసి, ఆ మనిషి ఏ కాలంలో, ఏ గాలికి తెరచాప ఎత్తాడో ముందు తేల్చుకో.

1497 జులై 8న 4 ఓడలతో లిస్బన్ విడిచినవాడు ఆఫ్రికా తీరాన్నే పట్టుకుని దిగలేదు. కేప్ వర్డీ దీవులు దాటాక అట్లాంటిక్ నడిమధ్యకు చొచ్చుకుపోయి, పడమటి గాలులు అందేదాకా పెద్ద చుట్టు తిరిగి, సుమారు 3 నెలలు నేల కంటపడకుండా సాగి, నవంబరులో దక్షిణాఫ్రికా తీరం చేరాడు. నావికుడిగా అతని ఘనత అక్కడుంది. నువ్వు దాన్ని మూడు వాక్యాల్లో తేల్చి, అరబ్బులూ గుజరాతీలూ శతాబ్దాలుగా దాటుతున్న అరేబియా సముద్రానికి పేజీలు పేజీలు ఖర్చుపెట్టావు. తూర్పు ఆఫ్రికా రేవు మలిందిలో కుదిరిన, దారి తెలిసిన మార్గదర్శి సాయంతో గామా దాన్ని 23 రోజుల్లో దాటాడు. ఆ మార్గదర్శి పేరుమోసిన అరబ్బు నావికుడు ఇబ్న్ మాజిద్ అని రాశావు. చాలామంది చరిత్రకారులు ఒప్పుకోని మాట అది, తీసెయ్యి.

కాలికట్‌లో అక్కడి రాజు జామొరిన్ కొలువు వర్ణన కంటే, ఆయనకు ఇవ్వబోయిన కానుకల పట్టీ ఎక్కువ చెబుతుంది. ఆ యాత్రలో ఉన్నవాడే రాసిన దినచర్యలో అది ఉంది: చారల బట్ట 12 తానులు, ఎర్రటి తలముసుగులు 4, టోపీలు 6, పగడాల దండలు 4, చేతులు కడుక్కునే పళ్లేలు 6, ఒక పెట్టె చక్కెర, నూనె 2 పీపాలు, తేనె 2 పీపాలు. రాజోద్యోగులు చూసి నవ్వారు. మక్కా నుంచి వచ్చే అతి పేద వర్తకుడు కూడా ఇంతకంటే ఎక్కువే ఇస్తాడనీ, రాజుకు ఇవ్వాలంటే బంగారం తెమ్మనీ అన్నారు. పట్టీని యథాతథంగా దించు, పక్కన నీ వ్యాఖ్య వద్దు. అదే దినచర్య ఇక్కడి గుడిని చర్చిగా పొరబడింది కాబట్టి, దాని సాక్ష్యాన్నీ గుడ్డిగా నమ్మకు.

తిరుగు ప్రయాణానికి విడిగా ఒక అధ్యాయం కావాలి. ఆఫ్రికా వైపు నెట్టే ఈశాన్య గాలులు స్థిరపడకముందే, 1498 అక్టోబరు మొదట్లో బయలుదేరినందువల్ల వచ్చేటప్పుడు 23 రోజులు పట్టిన సముద్రానికి ఈసారి దాదాపు 3 నెలలు పట్టింది. చిగుళ్లు పళ్ల మీదికి పొంగి తిండి నమలనీయని స్కర్వీతో ఆ దారిలోనే 30 మంది పోయారు. పనిచేయగలిగినవాళ్లు ఓడకు ఏడెనిమిది మందే మిగిలారు. నడిపే చేతులు చాలక సావ్ రఫాయెల్ ఓడను వాళ్లే తగలబెట్టుకున్నారు. అనుకూల గాలికి ఆగకుండా బయలుదేరిన నిర్ణయంలో అతని స్వభావం కనిపిస్తుంది, అక్కడ నిలబడి రాయి.

ఇక 1502, అతని రెండో యాత్ర. మక్కా నుంచి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను గామా దోచుకుని, మనుషులతో సహా తగలబెట్టించాడు. స్త్రీలు పసిబిడ్డలను పైకెత్తి చూపి వేడుకున్నారని అతని నౌకాదళంలోనే ఉన్న తొమే లోపెష్ రాశాడు. నువ్వు దాన్ని ‘కఠిన చర్య’ అని ఒక్క ముక్కలో దాటించావు. కాలం అలాంటిదన్న సమర్థన కుదరదు, ఎందుకంటే అతని మనిషికే అది దారుణంగా తోచింది.

1524లో పోర్చుగీసు వైస్రాయిగా వచ్చి, డిసెంబరు 24న కొచ్చిలో కన్నుమూసిన ఘట్టం ఒక పేరాకు మించనక్కరలేదు. ముందు ఆ 1502 అధ్యాయం తిరగరాసి పంపు; మిగతావి తర్వాత చూద్దాం.