ఫాదర్‌కి ఏ స్క్రిప్టు చూపించాలి?

ప్రశ్న: మాది బరంపురం. ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఈసారి వార్షికోత్సవం నాటకం మొత్తం విద్యార్థులే చూసుకోవాలని చెప్పి నాకు డైరెక్షన్ అప్పజెప్పారు. ‘కన్యాశుల్కం’లోంచి మధురవాణి సీన్లు తీసుకున్నాం. స్క్రిప్టు ముందు ఫాదర్ చూడాలి. వేశ్య పాత్రంటే ఒప్పుకోరు కాబట్టి ఆయనకి ఒకటి చూపించి స్టేజీ మీద ఇంకోటి ఆడేద్దామంటున్నారు మావాళ్లు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ఆలోచన ఇవాళే మానుకో తల్లీ. ఈ ఏడు మీరు చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోతారు, వచ్చే ఏడు మీ జూనియర్లకి హాలు తాళంచెవి కూడా దొరకదు.

అయినా ఆయన ఒప్పుకోరని ఎవరన్నారు, అడిగి చూశారా? క్రైస్తవ విద్యాసంస్థలకీ నాటకానికీ చుట్టరికం పాతదే, పేచీలూ పాతవే. జెస్యూట్ ఫాదర్లు (కేథలిక్ క్రైస్తవుల్లో ఒక సన్యాసుల సంఘంవాళ్లు) తమ విద్యాలయాల కోసం 1599లో ఖరారు చేసుకున్న నియమావళి పిల్లల నాటకాలకి చోటిచ్చింది, కాకపోతే లాటిన్‌లోనే ఆడాలి, భక్తి విషయమే ఉండాలి, ఆడవేషం అసలు ఉండకూడదు అని షరతులు పెట్టింది. ఇంగ్లండు పార్లమెంటైతే 1642లో ఏకంగా నాటకశాలలే మూయించింది. వాళ్లతో పోలిస్తే స్క్రిప్టు తెమ్మన్న మీ ఫాదర్ చాలా నయం.

స్క్రిప్టుతో పాటు ఒక పేజీ రాసి ఇవ్వండి. డబ్బు తీసుకుని పసిపిల్లల్ని ముసలాళ్లకి కట్టబెట్టే ఆచారాన్ని ఎండగట్టిన నాటకమిది, 1892లోనే విజయనగరంలో ఆడారు, ఇందులో పెద్దమనుషుల బండారం బయటపెట్టేది మధురవాణే అని చెప్పండి. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి కథ ఆయనకి మీరు చెప్పాలా? ఆ కుర్రాడు ఆస్తంతా వేశ్యల పాలు చేశాడని అన్నగారు తండ్రితో గొడవపడే మాట అందులోనే ఉంది. అంతా విన్నాక కూడా ఫలానా డైలాగు వద్దంటే ఆయన ఎదురుగానే దాన్ని పెన్సిల్‌తో కొట్టేసి, దాని బదులు ఏం పెట్టాలో అక్కడే మాట్లాడుకోండి, అప్పుడు రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ తరఫున మాట్లాడేది ఆయనే.

ఇంకో మాట. విద్యార్థులే చేసుకోవాలి అనగానే అందరూ వేషాల కోసం ఎగబడతారు, స్టేజీ మేనేజర్‌గా ఉండమంటే ఒక్కరూ ముందుకు రారు. మీలో అందరికంటే జాగ్రత్తపరుణ్ణి ఆ పనిలో పెట్టు. తెర లేచాక నీ పెత్తనం అయిపోయినట్టే, అక్కణ్ణుంచి రాజ్యం అతనిది. ఏ మాట మీద లైటు తగ్గాలి, ఏ మాట మీద తలుపు చప్పుడు రావాలి అన్నీ స్క్రిప్టు అంచున గుర్తులు పెట్టుకుని పక్కన నిలబడతాడు. మంచం ఎక్కడ వెయ్యాలో నేల మీద రంగు టేపు అంటించి చూపించేదీ అతనే, ఆ టేపు లేకపోతే చీకట్లో సామాను మార్చేటప్పుడు ఎవడో ఒకడు కాలు విరగ్గొట్టుకుంటాడు.

హక్కుల గొడవేమీ లేదు. గురజాడ 1915లో పోయారు, రచయిత పోయిన 60 ఏళ్లకి కాపీరైటు తీరిపోతుంది. హక్కులున్న నాటకమైనా సరే, కాలేజీ కార్యక్రమంగా విద్యార్థులూ సిబ్బందే ఆడుతూ, చూసేవాళ్లు కూడా వాళ్లూ తల్లిదండ్రులూ సంస్థకి సంబంధించినవాళ్లే అయితే 1957 నాటి చట్టం అడ్డు చెప్పదు. టిక్కెట్టు పెట్టి ఊళ్లోవాళ్లని పిలిస్తే మాత్రం లెక్క మారుతుంది.

ప్రశ్న: మేము హిందువులం, పర్లాకిమిడిలో ఉంటాం. మావాడు మిషన్ కాలేజీలో క్రిస్మస్ నాటకంలో యోసేపు (యేసు తల్లి మరియ భర్త) వేషం వేస్తున్నాడు. మతం మార్చుకుంటాడేమోనని ఇంట్లో బెంగ.

జవాబు: మీ గంజాం వైపు ప్రహ్లాద నాటకం మీరు చూడకుండా ఉంటారా? మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు మీసం దువ్వుతూ, గద్దిస్తూ పైకీ కిందకీ తిరుగుతుంటే ముందు వరుసలో పిల్లలు హడలిపోతారు. ఆ వేషం కట్టినాయన పొద్దున్నే ఇంటికొచ్చి రాక్షసుడైపోయాడా? యోసేపుకి డైలాగులు తక్కువే ఉంటాయి లెండి, చదువుకేం అడ్డం రాదు. వెళ్లి ముందు వరుసలో కూర్చోండి. అబ్బాయికి ఇష్టం లేకుండా ఎవరైనా బలవంతపెడితే అది వేరే సంగతి, ముందు వాణ్ణే అడగండి.

ప్రశ్న: మా కాలేజీ రాయగడలో. చూసేవాళ్లలో సగంమంది ఒడియావాళ్లు. నాటకం తెలుగులో వెయ్యాలా, ఒడియాలోనా?

జవాబు: రెండూ కలిపి వెయ్యండి. మీ బజార్లో బేరాలు ఎలా సాగుతాయో అలాగే. 1936లో గీత గీసి ఇటు ఒడిశా అన్నారు గానీ జనం మాట్లాడే తీరు ఆ గీత వినలేదు. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తిగారు పక్కన పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, గ్రాంథికం వల్లించి ఆయన పరువు తీయకండి. కొట్టువాడి వేషం ఒడియా కుర్రాడికిచ్చి వాడి మాటలు వాణ్ణే రాసుకోమనండి. కథ మలుపు తిరిగే మాట మాత్రం రెండు భాషల్లోనూ పడాలి, ఒక పాత్ర తెలుగులో అంటే ఎదుటి పాత్ర దాన్నే ఒడియాలో నిలదీసేటట్టు.