బీటెక్ మూడో సంవత్సరంలో ఉన్నాను. ఓపెన్ సోర్స్‌లో నా మొదటి పుల్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలి, ఏ లైబ్రరీని ఎంచుకోవాలి?

పుల్ రిక్వెస్ట్‌తో, అంటే మీరు చేసిన కోడ్ మార్పును చేర్చుకోమని పంపే విన్నపంతో, మొదలుపెట్టవద్దు. మీరు వాడుతున్న లైబ్రరీ (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునేందుకు రాసిపెట్టిన కోడ్) ఎక్కడ తప్పుతున్నదో, ఆ తప్పును మరొకరు తమ కంప్యూటర్‌లో మళ్ళీ రప్పించి చూసుకోగలిగేటట్లు రాసి పెట్టడంతో మొదలుపెట్టండి. హనుమకొండలో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రం వేళల్లో ఒక చిన్న పైథాన్ లైబ్రరీ బాగోగులు చూసే మనిషిగా, అంటే మెయింటెయినర్‌గా, ఈ మాట చెబుతున్నాను. కోడ్ రాసేవారికి ఏనాడూ కొదవ లేదు. దానిని ఓపికగా చదివి, రేపు అది చెడిపోతే జవాబు చెప్పేవారే దొరకరు.

మా లైబ్రరీ తెలుగు మాటలను అక్షరాలుగా విడగొడుతుంది. "క్షే" మనకు ఒకే అక్షరం గానీ, కంప్యూటర్‌కు క, పొల్లు, ష, ఏత్వం అనే నాలుగు సంకేతాలు. పొడవెంత అని పైథాన్‌ను అడిగితే నాలుగు అంటుంది. 2023లో, లిపుల సంకేతాలకు ప్రమాణమైన యూనికోడ్ 15.1 వచ్చేదాకా అక్షర విభజనకు ఉన్న సాధారణ నియమాలు కూడా దీనిని క్, షే అని రెండు ముక్కలు చేసేవి. గడికొక అక్షరం చొప్పున గళ్ళ నుడికట్టు కూర్చేవారికి ఈ లెక్కలేవీ పనికిరావు కాబట్టే ఇటువంటి లైబ్రరీ అవసరమయింది.

ఒక అక్టోబరులో మా ఊరి ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి ఒకరు దీనికి పుల్ రిక్వెస్ట్ పంపారు. "కనిపించని చెత్త అక్షరాలను తొలగించాను" అన్న ఒక్క వాక్యమే వివరణ. మార్పు కూడా ఒక్క వరుసే: యూ ప్లస్ 200సీ అనే సంకేతం ఎక్కడ కనిపించినా తీసివేయడం. కోడ్‌ను సరిచూసే పరీక్షలన్నిటి పక్కనా పచ్చ గుర్తు ఉంది. అయితే మారిన ఫైళ్ళ జాబితాలో పరీక్షల ఫైలు కూడా ఉండడం చూసి తెరిచాను. "సాఫ్ట్‌వేర్" అన్న మాటకు నాలుగు అక్షరాలు రావాలని ఉన్నచోట నాలుగును చెరిపి మూడు వేశారు. ఎనుమాముల మార్కెట్‌లో బస్తా తూకం తక్కువ చూపుతున్నదని కాంటా ముల్లును జరిపినట్లుగా ఉంది ఆ పని.

ఆ కనిపించని సంకేతం చెత్త కాదు. పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారిపోకుండా అది అడ్డుకుంటుంది. దానిని తీసివేస్తే సాఫ్ట్‌వేర్ కాస్తా "సాఫ్ట్వేర్" అవుతుంది. సా, ఫ్ట్, వే, ర్ అనే నాలుగు గళ్ళు మూడైపోతాయి. దాని శక్తి తెలియనివారు 2018 ఫిబ్రవరిని గుర్తు తెచ్చుకోవాలి. జ్ఞ తరువాత ఈ సంకేతాన్నీ, ఆపైన దీర్ఘాన్నీ చేర్చిన ఒకే ఒక్క తెలుగు అక్షరం వచ్చిపడితే ఐఫోన్‌లో సందేశాల యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దానిని సరిచేయవలసి వచ్చింది.

రెండు రోజులు గడవకముందే ఆ విద్యార్థి ఫోన్ చేశాడు. "అన్నా, టెస్టులన్నీ పాసైనయి గదా, ఇంకా ఎందుకు మర్జ్ చేస్తలేరు?" అన్నాడు. నయీంనగర్‌లో ఒక టీ కొట్టు దగ్గరికి ల్యాప్‌టాప్‌తో రమ్మని, కోడ్ సంగతి పక్కన పెట్టి, అసలు ఏ ఇబ్బంది వస్తే ఈ మార్పు చేశావని అడిగాను. అప్పుడు గానీ అసలు విషయం బయటపడలేదు. అతని ప్రాజెక్టులో ఊళ్ళ పేర్ల జాబితా ఒకటి ఉంది. అందులో "వరంగల్" అని వెతికితే కొన్ని వరుసలే దొరుకుతున్నాయి. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా ఆ సంకేతాన్ని చేర్చుతాయి. కంటికి రెండూ ఒకటే అయినా, ఒక వరంగల్‌లో ఆరు సంకేతాలు, మరొకదానిలో ఏడు.

ఇది నిజమైన సమస్య, అతడు పంపిన దానికన్నా ఎంతో విలువైనది. మూల జాబితాలోని రెండు మాటలు, వాటి సంకేతాలు, రావలసిన జవాబు, వస్తున్న జవాబు అన్నీ కలిపి ఒక ఇష్యూగా, అంటే లైబ్రరీ పేజీలో నమోదు చేసే ఫిర్యాదుగా, అక్కడే కూర్చుని రాయించాను. మాట మధ్యలో ఉన్నదానిని ముట్టుకోకుండా చివర ఉన్నదానిని మాత్రమే తీసివేసే విడి ఫంక్షన్‌ను ఆ వారంలోనే అతడు పంపాడు. పాత ఫంక్షన్ ఫలితాన్ని మార్చలేదు కనుక నుడికట్టు కూర్చేవారి ప్రోగ్రాములకు ఏ ఇబ్బందీ రాలేదు. సఫలం కావలసిన పరీక్షను ముందు విఫలమయ్యేటట్లు రాసి చూపించిన తరువాతే మార్పు రాశాడు. దానిని చదివి చేర్చడానికి నాకు ఒక టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

అక్టోబరు అన్నాను కనుక ఆ గోడు కూడా వినండి. అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపమని ప్రోత్సహిస్తూ 2014లో మొదలైన హాక్టోబర్‌ఫెస్ట్ ఉద్దేశం మంచిదే గానీ, 2020లో బహుమతి టీషర్టు కోసం ప్రాజెక్టు పరిచయ పత్రమైన రీడ్‌మీలో ఒక విశేషణం చేర్చి పంపేవారి వరద చూసి, సమ్మతి తెలిపిన ప్రాజెక్టులకే దానిని పరిమితం చేయవలసి వచ్చింది. ఇప్పుడు టీషర్టు స్థానంలోకి రెజ్యూమె వచ్చింది. ప్లేస్‌మెంట్ శిక్షణ ఇచ్చేవారు ఇన్ని పుల్ రిక్వెస్టులు ఉండాలని పిల్లలకు లెక్క చెబుతున్నారు. ఆ లెక్క చూసి ఉద్యోగం ఇచ్చేవారు ఎక్కడా లేరని నేను గట్టిగా చెప్పగలను.

తొందరపెట్టేవారిలో విద్యార్థులే నయం. ఒక కంపెనీ ఉద్యోగి "అర్జెంట్, మా క్లయింటు ఎదురుచూస్తున్నాడు" అని వరుసగా సందేశాలు పెట్టాడు. ఉన్నది ఉన్నట్లుగా, ఏ హామీ లేకుండా ఇస్తున్నామని లైబ్రరీకి వర్తించే ఎంఐటీ లైసెన్సులో స్పష్టంగా ఉన్న సంగతిని ఆయన చదివినట్లు లేదు. 2024 మార్చిలో బయటపడిన, ఫైళ్ళను కుదించే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్ వ్యవహారంలోనూ ఒంటరి మెయింటెయినర్‌పై ఇటువంటి ఒత్తిడే పనిచేసింది. కొత్త మెయింటెయినర్ కావాలని కొన్ని ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి, చాలాకాలంగా మార్పులు పంపుతూ నమ్మకం సంపాదించిన వ్యక్తి చేతికి అధికారం వెళ్ళింది, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి చేరింది. దూరంలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి అది దొరికింది. కాబట్టి నెమ్మదిగా చదివే మెయింటెయినర్‌ను సోమరి అనుకోకండి.

ఇక ఏ లైబ్రరీ అన్న ప్రశ్నకు వస్తే, పేరున్న పెద్దవాటిలో కొత్తవారి కోసం గుర్తుపెట్టిన ఇష్యూల దగ్గర ఇప్పటికే బారులు తీరి ఉంటారు. మీ ప్రాజెక్టు వాడుకునే లైబ్రరీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైలు తెరిచి, అందులో మిమ్మల్ని ఒక్కసారైనా విసిగించిన లైబ్రరీని పట్టుకోండి. ఆ విసుగు పుట్టించిన ఇన్‌పుట్‌ను వీలైనంత చిన్నది చేయండి, వర్షన్ సంఖ్య రాయండి, పాత ఇష్యూల్లో అదే ఉందేమో వెతకండి, మార్పు పంపే ముందు, మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలు చదవండి. ఇంగ్లీషు బాగా రాదన్న జంకు అక్కరలేదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ సరిగ్గా ఉంటే మిగిలిన నాలుగు ముక్కలు ఎలా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మా లైబ్రరీకైతే తెలుగులోనే రాయవచ్చు.