న్యూస్‌లెటర్ స్పామ్‌లో పడుతోందా? ముందు ఫ్రమ్‌లో ఎవరి పేరుందో చూడండి

ఈ వారం బరంపురం నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. వాళ్ళది పట్టుచీరల వ్యాపారం, తాతల నాటి మగ్గాలు, ఇప్పుడు సొంత వెబ్‌సైట్ పెట్టుకుని విశాఖ, హైదరాబాద్, భువనేశ్వర్ దాకా పంపిస్తున్నారు. "అన్నా, కొత్త చీరలు దిగినప్పుడల్లా కస్టమర్లకి న్యూస్‌లెటర్ పంపుతున్నాం, లిస్టులో 1,800 మంది ఉన్నారు, ఆ మెయిల్స్ పంపే సర్వీస్‌కి నెలనెలా డబ్బులు కడుతున్నాం, అయినా మా పెద్దమ్మ కూతురికి పంపినా స్పామ్‌లోనే పడుతోంది. సబ్జెక్ట్‌లో ఆఫర్, ఫ్రీ లాంటి మాటలన్నీ తీసేశాం, ఏమీ మారలేదు. దసరా లోపు ఏదైనా దారి చెప్పండి" అని.

చెల్లెమ్మా, మాటల దగ్గర వెతకడం ఆపెయ్యండి. ఫలానా మాట వాడితే స్పామ్ అనేది పాత రోజుల సంగతి, ఇప్పుడు జీమెయిల్ ముందు చూసేది ఈ మెయిల్ నిజంగా మీరే పంపారా, దీన్ని తీసుకునేవాళ్ళు కావాలనుకున్నారా అన్న రెండే. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో మొదటిది అక్కడే తేలిపోయింది. సొంత డొమైన్, అంటే మీ వెబ్‌సైట్ పేరు, ఉండి కూడా ఫ్రమ్‌లో, అంటే పంపినవాళ్ళ అడ్రస్ ఉండేచోట, జీమెయిల్ అడ్రస్ పెట్టి వేరే సర్వీస్‌తో పంపిస్తున్నారు. అలా చెయ్యొద్దని గూగుల్ తన రూల్స్‌లోనే రాసింది.

ఎందుకో చెప్తా. బరంపురం బస్టాండ్‌లో ఇచ్ఛాపురం వెళ్ళే బస్సు డ్రైవర్ చేతికి ఒక మూట ఇచ్చి, అక్కడ మావాళ్ళు వచ్చి తీసుకుంటారు అని చెప్పడం మనకి అలవాటే కదా. అవతల దించుకునేవాడికి తెలివుంటే మూడు చూస్తాడు. ఆ షావుకారు తన సరుకు పంపేది ఈ బస్సులోనేనా, అది ఎస్‌పీఎఫ్, అంటే మీ డొమైన్ పేరుతో మెయిల్ మోసే హక్కు ఏ సర్వర్లకుందో మీరు ముందే రాసిపెట్టిన జాబితా. మూట మీద లక్క సీలు చెక్కుచెదరకుండా ఉందా, అది డీకిమ్, దారిలో ఎవరూ మెయిల్‌ని మార్చలేదని చెప్పే డిజిటల్ సంతకం. ఇక మూట మీద రాసిన పేరు, ఆ బస్సు పురమాయించినవాడి పేరు, లేకపోతే సీలు మీద పేరు, వీటిలో ఒక్కటైనా కలుస్తోందా, కలవకపోతే ఏం చెయ్యమన్నారు, అది డీమార్క్.

మీ మూట మీద జీమెయిల్ పేరుంది, బస్సూ సీలూ మాత్రం ఆ న్యూస్‌లెటర్ కంపెనీవి. అందుకే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్‌లో కుడివైపు మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" చూస్తే, ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ ఫెయిల్ అని వచ్చింది. మొదటి రెండూ పాస్ కాబట్టి మీరు నిశ్చింతగా ఉన్నారు, కానీ ఆ పాస్ అయ్యింది మీ పేరు మీద కాదు, ఆ కంపెనీ పేరు మీద. మన దగ్గర చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు, ఆ పాస్ పక్కన ఏ డొమైన్ పేరుందో కూడా చదవండి.

చెయ్యాల్సిన పని ఒక పూట పని. మీ డొమైన్ మీద ఒక మెయిల్ అడ్రస్ పెట్టుకుని ఫ్రమ్‌లో అదే వాడండి. న్యూస్‌లెటర్ సర్వీస్ సెట్టింగ్స్‌లో "డొమైన్ ఆథెంటికేషన్" లాంటి పేరుతో ఒక పేజీ ఉంటుంది, అది రెండు మూడు రికార్డ్స్ ఇస్తుంది, వాటిని డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ ప్యానెల్‌లో, అంటే మీ డొమైన్ వివరాలు బయటివాళ్ళకి చూపించే సెట్టింగ్స్ పేజీలో, అతికించాలి. చాలా ప్యానెల్స్ పేరు గడిలో మీ డొమైన్‌ని వాటంతట అవే కలుపుకుంటాయి, మీరు మళ్ళీ పూర్తి పేరు కొడితే డొమైన్ రెండుసార్లు పడి రికార్డ్ ఎవరికీ కనపడదు. పలాసలో మా బంధువుల జీడిపప్పు వ్యాపారానికి సెట్ చేసినప్పుడు నేను చేసిన తప్పు ఇదే, రెండు రోజులు తల పట్టుకున్నాం. ఇంకోటి, ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డ్ ఒక్కటే ఉండాలి. ఇదివరకే ఒకటి ఉంటే పక్కన రెండోది పెట్టకండి, పెడితే రెండూ చెల్లవు, ఉన్నదాంట్లోనే కొత్త సర్వీస్ పేరు చేర్చండి. డీమార్క్‌ని మొదట "నన్" అనే పాలసీతో, అంటే పేరు కలవకపోయినా ఏమీ చెయ్యొద్దని, పెట్టి, రిపోర్టులు వచ్చే అడ్రస్ ఇచ్చి, కొన్ని వారాలు చూసి మీ మెయిల్స్ అన్నీ పాస్ అవుతున్నాయంటే "క్వారంటైన్"కి, అంటే పేరు కలవనివాటిని స్పామ్‌లో వెయ్యమని, మార్చుకోవచ్చు.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ అకౌంట్లకి రోజుకి 5,000 పైన మెయిల్స్ పంపేవాళ్ళకి గూగుల్ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది, యాహూ కూడా అప్పుడే గట్టి చేసింది, 2025 మే నుంచి ఔట్‌లుక్ అదే దారి పట్టింది. మేం పంపేది 1,800 కదా అనుకోకండి, చిన్నవాళ్ళకైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాల్సిందే, మూడూ ఉంటే మీకే మంచిది.

ఇప్పుడు రెండో సంగతి, ఇది మీకు నచ్చదేమో. ఆ 1,800లో 600 అడ్రసులు ఒక ఎగ్జిబిషన్ పెట్టినవాళ్ళ దగ్గర కొన్నామని రాశారు. వాటిని ఈరోజే తీసెయ్యండి. వాళ్ళెవరూ మిమ్మల్ని అడగలేదు, మీ పేరు వాళ్ళకి తెలీదు. స్పామ్ అని నొక్కేవాళ్ళ శాతం 0.1 లోపు ఉంచుకోమని, 0.3 ఎప్పుడూ ముట్టనివ్వొద్దని గూగుల్ చెప్తోంది. మీ లెక్కలో మెయిల్స్ అన్నీ జీమెయిల్‌కే వెళ్ళాయనుకుంటే, ఇద్దరు నొక్కితే మొదటి గీత దాటేశారు, ఆరుగురు నొక్కితే రెండోది కూడా. ఆరుగురంటే ఒక ఇంట్లో వాళ్ళు! తెలియని ఆ 600 మందిలో ఆరుగురు నొక్కరని ఎలా అనుకుంటాం? పైగా కొన్న లిస్టుల్లో ఎవరూ వాడని పాత అడ్రసులు ఉంటాయి, వాటిలో కొన్ని అచ్చంగా స్పామర్లని పట్టుకోవడానికి పెట్టిన వలలు. మీ పెద్దమ్మ కూతురు కావాలనుకున్నా ఆమెకి అందకపోవడంలో వీటి వాటా కూడా ఉండొచ్చు.

అన్‌సబ్‌స్క్రైబ్ లింక్‌ని కింద బూడిద రంగులో, చీమంత అక్షరాల్లో దాచారు. దాన్ని పెద్దది చెయ్యండి, సర్వీస్‌లో వన్ క్లిక్ అన్‌సబ్‌స్క్రైబ్ ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యండి, అప్పుడు జీమెయిల్ మీ పేరు పక్కనే ఆ బటన్ చూపిస్తుంది. వెళ్ళాలనుకున్నవాళ్ళకి దారి కనపడకపోతే చేతికందే స్పామ్ బటన్ నొక్కుతారు. మీ చీర ఒకసారి కట్టుకున్నావిడ మళ్ళీ కావాలంటే తనే వెతుక్కుని వస్తుంది, ఆ నమ్మకం పెట్టుకోండి.

ఇక మెయిల్ లోపల సంగతి. అది మొత్తం ఒకే పెద్ద జేపెగ్ బొమ్మ, చీరలు, ధరలు, తెలుగు అక్షరాలు అన్నీ అందులోనే. ఎందుకో నాకర్థమైంది, డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించారు, ఆ మేటర్‌ని మెయిల్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అందుకని పోస్టర్‌గా మార్చి పంపేశారు. అలా చేస్తే ఫిల్టర్‌కి చదవడానికి ఒక్క ముక్క దొరకదు, బొమ్మలు ఆపేసుకున్న కస్టమర్‌కి తెల్ల కాగితం కనపడుతుంది. యూనికోడ్‌లో, ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్ కొట్టినట్టే కొట్టండి చాలు, మధ్యమధ్యలో చీర ఫొటోలు పెట్టండి. అయితే మన తెలుగుకి ఒక చిక్కుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ పడితే తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి, "చీర" అనే చిన్న మాటకే తొమ్మిది. మెయిల్ కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి దాచేస్తుంది, అప్పుడు అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకే మాయమవుతుంది. వర్డ్‌లోంచి కాపీ చేసి అతికించకండి, దాంతో పాటు బోలెడు చెత్త కోడ్ వస్తుంది. ఒక మెయిల్‌లో ఐదారు చీరలు చాలు.

రాయగడ నుంచి కోచింగ్ సెంటర్ నడిపే మాస్టారు ఒకాయన, మా మెయిల్స్ ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడుతున్నాయి, ప్రైమరీలోకి ఎలా తేవాలి అని అడిగారు. మాస్టారూ, ప్రమోషన్స్ అంటే స్పామ్ కాదు, అది కూడా ఇన్‌బాక్సే, 2013 నుంచి ఉన్న గది. అడ్మిషన్ల ప్రకటన అక్కడ పడటం న్యాయమే, దాని కోసం కిటుకులు వెతక్కండి. ఫీజు రసీదులు, పరీక్ష తేదీలు మాత్రం వేరే అడ్రస్ నుంచి విడిగా పంపండి, ప్రకటనల తలనొప్పి వాటికి అంటకుండా ఉంటుంది.

చెల్లెమ్మా, రికార్డ్స్ అన్నీ పెట్టాక ఒకేసారి అందరికీ పంపెయ్యకండి. ఈ ఏడాది చీర కొన్నవాళ్ళకి ముందు, ఓ యాభై వంద మందికి, తర్వాత వారం ఇంకొంచెం, అలా పెంచుకుంటూ వెళ్ళండి. మీ బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్రకి ఒకసారి, దసరాకి ఒకసారి ఉన్నట్టుండి వందల మెయిల్స్ గుమ్మరించి మిగతా నెలలు చప్పుడు లేకుండా ఉంటే అనుమానం రాక మానదు. మీ పెద్దమ్మ కూతురిని స్పామ్‌లో ఉన్న పాత మెయిల్ తెరిచి "నాట్ స్పామ్" నొక్కమనండి, మీ కొత్త అడ్రస్‌ని కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకోమనండి, మొదటి కొత్త మెయిల్ ఆమెకి వెళ్ళాక "షో ఒరిజినల్" స్క్రీన్‌షాట్ నాకు పంపండి. డీమార్క్ పక్కన ఏం రాసుందో నేనూ చూస్తాను.